సంచి మీద ‘సున్నం’ అనే ఉంటుంది, లోపల ఏ సున్నం ఉంది?

విజయవాడలో గానీ గుంటూరులో గానీ హార్డ్‌వేర్ కొట్టుకెళ్లి ‘సున్నం ఇవ్వండి’ అని అడిగితే, అనుభవం ఉన్న కొట్టతను ముందు ఒక ప్రశ్న వేస్తాడు: ‘దేనికండీ?’ వెల్ల వేయడానికా, చెరువుకా, తోటలో మందు కలపడానికా, కిళ్లీ కొట్టుకా అన్నదాన్ని బట్టి అతనిచ్చే సరుకు మారిపోతుంది. పేరు మాత్రం అన్నిటికీ ఒకటే. ఆ ఒక్క మాట చాటున వేర్వేరు పదార్థాలున్నాయి. ఒకటి సుద్దముక్కంత నెమ్మదైనది. ఇంకొకటి నీళ్లు తగిలితే ఆ నీళ్లనే మరిగిస్తుంది. మరొకటి చూడ్డానికి చల్లటి ముద్దే, కంట్లో పడితే చూపు పోతుంది. ఒక సున్నం అనుకుని మరొకటి వాడడం వల్లే చాలా ప్రమాదాలు, చాలా నష్టాలు వస్తున్నాయి. అందుకే ముందు పేర్ల చిక్కు విప్పాలి.

మొదటిది సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్. దీన్ని మెత్తగా దంచి సంచుల్లో అమ్మితే అగ్రి లైమ్ అవుతుంది. ఇందులోనే మెగ్నీషియం కూడా ఉన్న రాయి డోలమైట్. రెండోది ఆ రాయిని బట్టీలో కాల్చగా వచ్చేది, కాల్షియం ఆక్సైడ్. గడ్డలుగా దొరుకుతుంది కాబట్టి రాతి సున్నం, గడ్డ సున్నం అంటారు. మూడోది ఆ గడ్డ నీళ్లు తాగి ఉడికాక మిగిలేది, కాల్షియం హైడ్రాక్సైడ్. సంచిలో మెత్తటి పొడిగా ఉన్నా, కిళ్లీ కొట్టు డబ్బీలో ముద్దగా ఉన్నా అదే.

ఇక్కడ బడి పుస్తకం ఒక చిక్కు తెచ్చింది. పాఠాల్లో కాల్షియం ఆక్సైడ్‌ని ‘పొడి సున్నం’ అనీ, హైడ్రాక్సైడ్‌ని ‘తడి సున్నం’ అనీ రాస్తారు. కొట్లో పొడిగా దొరికేది మాత్రం చాలాసార్లు పుస్తకం చెప్పే ‘తడి సున్నం’. పుస్తకం చదివిన పిల్లవాడికీ, సంచి మోసే కూలీకీ ‘పొడి సున్నం’ అన్న మాట రెండు వేరు వస్తువుల్ని చూపిస్తుంది. అందుకని ఈ వ్యాసంలో రాయి, కాల్చిన సున్నం, ఉడికిన సున్నం అనే మూడు పేర్లే వాడుతున్నాం.

రాయి ఎలా మారుతుంది

పల్నాడు నేల కింద సున్నపురాయి పొరలు పొరలుగా ఉంది. పిడుగురాళ్లకు లైమ్ సిటీ అన్న పేరు, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు కర్మాగారాలు దానివల్ల వచ్చినవే. అమరావతి స్తూపం పలకలు కూడా లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న ఈ పల్నాటి సున్నపురాయే. 18వ శతాబ్దం చివర ఆ దిబ్బను తవ్వినప్పుడు, ఆ తర్వాత కూడా, బొమ్మలు చెక్కిన పలకలు కొన్ని బట్టీల పాలై సున్నంగా మారాయి. రెండు వేల ఏళ్ల నాటి శిల్పాన్నీ, నిన్న క్వారీలో పగిలిన ముక్కనూ బట్టీ ఒకేలా కాలుస్తుంది. తలుచుకుంటే గుండె బరువెక్కే సంగతి.

బట్టీలో రాతి ముక్కలూ బొగ్గూ పొరలుగా పైనుంచి వేస్తారు, కాలిన సున్నం కిందనుంచి తీస్తారు. సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాయిలోంచి బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) విడిపోతుంది. 100 కిలోల శుద్ధమైన రాయి కాలిస్తే 44 కిలోలు గాలిలో కలిసిపోయి 56 కిలోల సున్నం మిగులుతుంది. గడ్డ పరిమాణం పెద్దగా తగ్గదు, బరువు మాత్రం దాదాపు సగమవుతుంది. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా, బొరబొరగా అనిపించడం బాగా కాలినదానికి మొదటి గుర్తు. ఆ బొరబొరతనమే దాని చురుకుదనానికి కారణం కూడా. నీళ్లు లోపలి వరకూ ఒక్కసారిగా చొరబడతాయి.

ముక్కల సైజు ఒకేలా లేకపోతే ఇక్కడే తేడా వస్తుంది. పెద్ద ముక్క మధ్యలో పచ్చిరాయి మిగిలిపోతుంది. చిన్నవి మాడిపోతాయి. వేడి 1,200 డిగ్రీలు దాటి ఎక్కువసేపు ఉంటే సున్నం రంధ్రాలు మూసుకుపోయి గట్టిపడుతుంది. ఇలా మాడిన సున్నం నీళ్లలో వేసినా గంటలు, రోజుల తరబడి కదలదు. మేస్త్రి దాన్ని రాయి అనుకుని పూతలో కలిపేస్తే నెలల తర్వాత గోడలో తీరిగ్గా ఉడికి, ఉబ్బి, పూతను చిన్న గుంటలు పడేలా పేల్చేస్తుంది. పాత ఇళ్ల గోడల మీద రూపాయి బిళ్లంత పెచ్చు లేచి, నడుమ తెల్లటి గింజ కనిపిస్తుందే, అది ఇదే. కొండవీడు కోట కట్టిన కాలంలో సున్నాన్ని గానుగలో మెత్తగా నూరి, వారాల తరబడి నానబెట్టి వాడడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆలస్యంగా ఉడికే గింజ గోడలోకి వెళ్లకముందే తొట్టిలో ఉడికిపోవాలి.

ఉడకడం అంటే ఎంత వేడి

కాల్చిన సున్నానికి నీళ్లంటే తీరని దాహం. 56 కిలోల సున్నం 18 కిలోల నీళ్లను తనలో కలుపుకుని 74 కిలోల ఉడికిన సున్నం అవుతుంది. ఆ కలయికలో కిలో సున్నానికి సుమారు 1,150 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. ఆ అంకె మనసుకెక్కాలంటే ఇలా చూడండి: మన ఎండాకాలపు కుళాయి నీళ్లు, అంటే 30 డిగ్రీల నీళ్లు, సుమారు 4 లీటర్లను మరిగే దాకా తేవడానికి కిలో సున్నం చాలు. పొయ్యి అక్కర్లేదు.

లెక్క ప్రకారం కిలో సున్నానికి కావలసిన నీళ్లు మూడో వంతు లీటరే. ప్రమాదం కూడా ఆ కొద్దిపాటి నీళ్లతోనే ఎక్కువ. నీళ్లు ధారాళంగా ఉంటే వేడిని పంచుకుంటాయి. కుప్ప మీద చెంబెడు నీళ్లు చల్లితే ఆ చోట వేడి 100 డిగ్రీలు దాటి నీళ్లు ఒక్కసారిగా ఆవిరైపోతాయి, ఆ ఆవిరి సలసల కాగే సున్నపు ముద్దను ముఖం ఎత్తుకు ఎగజిమ్ముతుంది. గుంట పక్కన వంగి చూసేవాళ్ల కళ్లు పోయేది సరిగ్గా ఆ క్షణంలోనే. కాబట్టి సూత్రం ఒకటే: నీళ్లలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్లు పోయకూడదు.

చేసే తీరు ఇది. 10 కిలోల గడ్డ సున్నానికి 200 లీటర్ల ఇనప డ్రమ్ము గానీ ఇటుకల తొట్టి గానీ తీసుకోవాలి. ప్లాస్టిక్ బకెట్ వేడికి మెత్తబడి పగులుతుంది. అల్యూమినియం పాత్ర అసలే పనికిరాదు, సున్నం ఆ లోహాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది. డ్రమ్ములో ముందు 40 నుంచి 50 లీటర్ల నీళ్లు పోయాలి. గడ్డలు కోడిగుడ్డంత ముక్కలయ్యేలా కొట్టి, కిలో రెండు కిలోల చొప్పున గమేళాతో అంచు నుంచి జారవిడవాలి. ఒక విడత బుడగలు తగ్గాకే రెండో విడత. పది కిలోలూ ఒకేసారి గుమ్మరిస్తే డ్రమ్ము మొత్తం మరుగు దగ్గరికి పోతుంది. కలపడానికి మనిషి ఎత్తు కర్ర, పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు కావాలి. నూలు తొడుగులు వద్దు, సున్నపు నీళ్లు పీల్చుకుని చర్మానికి అతుక్కుపోతాయి. ప్యాంటు అంచు బూటు పైనుంచి కిందికి దిగాలి, లోపలికి దూర్చకూడదు. బూట్లో పడ్డ సున్నం చెమటతో కలిసి సాయంత్రం దాకా కాలును కాలుస్తూనే ఉంటుంది.

నీళ్లు తక్కువైతే ఏమవుతుందో చెప్పుకున్నాం. మరీ ఎక్కువైనా, చల్లటి నీళ్లలో నెమ్మదైన సున్నాన్ని ముంచేసినా మరో తంటా ఉంది. గడ్డ పైపొర ముందు ఉడికి మూతలా కప్పుకుంటుంది, లోపలిది అలాగే ఉండిపోతుంది, మెత్తటి ముద్ద రావలసిన చోట ఇసకలాంటి గరుకు మిగులుతుంది. వేశాక రెండు మూడు నిమిషాల్లో గడ్డ పగులుతూ బుసలు కొడితే చురుకైన సరుకు. పావుగంటైనా మౌనంగా ఉంటే మాడినదో, గాలి తగిలి చచ్చిపోయినదో అయ్యుంటుంది. ఒక రాత్రి నానాక గుడ్డలో గానీ సన్న జల్లెడలో గానీ వడకట్టి, ముద్ద మీద ఎప్పుడూ బెత్తెడు నీళ్లు నిలిచేలా ఉంచితే నెలలు నిల్వ ఉంటుంది. ఆ నీటి పొర గాలిని ఆపుతుంది. గాలి తగిలితే సున్నం మళ్లీ రాయి అవుతుంది కదా. గోడకు వేసిన వెల్ల గట్టిపడేది ఎండి కాదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకుని సున్నపురాయి అయి గట్టిపడుతుంది. బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గోడ మీద తిరిగి సంపాదించుకుంటుంది. అందుకే వెల్ల వేశాక మొదటి రెండు రోజులు కొద్దిగా తడి ఉంటే మంచిది, ఎండకు వెంటనే బిగుసుకుపోతే పొడిలా రాలి బట్టలకంటుకుంటుంది.

సంచి దగ్గర జాగ్రత్త

50 కిలోల కాల్చిన సున్నం సంచి గాలిలోని తేమనూ వర్షపు తడినీ పూర్తిగా తాగితే 66 కిలోలవుతుంది, పరిమాణం రెట్టింపు దాటుతుంది. బిగించి కుట్టిన సంచి చిట్లిపోయేది అందుకే. లారీ మీద టార్పాలిన్‌కు చిల్లు పడి వర్షం కారితే మరీ ప్రమాదం. సున్నం తనంతట మండదు. కానీ కొద్ది తడితో పుట్టే వేడి పక్కనున్న గోనె, గడ్డి, చెక్కలను అంటించగలదు. అలా పొగ వస్తుంటే బిందెడు నీళ్లు తెచ్చి పోయడం నిప్పుకు నెయ్యి పోసినట్టే. పొడిగా ఉన్న సంచుల్ని దూరంగా లాగేసి, మంటమీద పొడి ఇసక గానీ డ్రై పౌడర్ గానీ వాడాలి. నిల్వ చెక్క బల్ల మీద కాకుండా సిమెంటు దిమ్మె మీద, గోడకు జానెడు దూరంగా, పిల్లలు తిరగని చోట ఉండాలి. యూరియా, అమ్మోనియం సల్ఫేట్ బస్తాల పక్కన పెట్టకూడదు. తడి తగిలితే ఘాటైన అమ్మోనియా లేస్తుంది, ఎరువులోని నత్రజని కూడా గాలికి పోతుంది.

ఏ సున్నమో ఇంట్లోనే తేల్చుకోవడం

పేరు చెరిగిపోయిన సంచి, అంగట్లో విడిగా కొన్న పొడి, చెరువు గట్టున మిగిలిన పాత సరుకు. వీటిలో ఏది ఏదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పళ్లెంలో పసుపు, ఒక నిమ్మకాయ, గ్లాసెడు నీళ్లు చాలు. కళ్లద్దాలు పెట్టుకుని మొదలుపెట్టండి.

స్టీలు గ్లాసులో పావు వంతు నీళ్లు పోసి చెంచా పొడి వేయండి. గ్లాసు బయట చేయి పెడితే వేడి తెలుస్తుంటే అది కాల్చిన సున్నం. వేడెక్కకపోతే రాయిపొడో, ఉడికిన సున్నమో. ఇప్పుడు వేరే గిన్నెలో పసుపు నీళ్లు కలిపి, ఆ పొడి చిటికెడు వేయండి. ముదురు ఎరుపు తిరిగితే ఉడికిన సున్నం. పేరంటాల్లో, బాలింతకు దిష్టి తీసేటప్పుడు పళ్లెంలో కలిపే ఎర్రనీళ్ల రహస్యం ఇదే. పసుపులోని రంగు పదార్థం క్షారంలో పసుపు విడిచి ఎరుపవుతుంది. దుగ్గిరాల యార్డులో అమ్ముడయ్యే పసుపు కొమ్ము ఒక్కటి అరగదీసి, ఆ ముద్దను తెల్ల కాగితానికి రాసి ఆరబెడితే, జేబులో పెట్టుకుని తిరగదగ్గ పరీక్ష కాగితం తయారవుతుంది. రాయిపొడి నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి పసుపు రంగు పెద్దగా మారదు. మూడోది నిమ్మరసం: ఆరిన పొడి మీద నాలుగు చుక్కలు పిండితే బుసబుస నురగ వస్తే అది రాయి. డోలమైట్ నురగ మందంగా, ఆలస్యంగా వస్తుంది. కాల్చిన సున్నమని ముందే తేలితే ఈ నిమ్మరసం పరీక్ష చేయవద్దు, ఆ చుక్కల తడికే సున్నం వేడెక్కి ఎగజిమ్ముతుంది.

పసుపు ఎరుపూ అయ్యి, నిమ్మరసానికి నురగా వస్తే? అది గాలి తగిలి సగం రాయిగా మారిన పాత ఉడికిన సున్నం. అంత నురగ వచ్చినప్పుడు దాని బలం మీద లెక్కలు వేసుకోవద్దు. మందులు కలిపేటప్పుడు మోసం చేసేది ఇదే.

చెరువులో తేడా ఎక్కడొస్తుంది

రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల్లోనూ, కైకలూరు చేపల చెరువుల్లోనూ సున్నం రోజువారీ మాట. అక్కడే పేర్ల గందరగోళం డబ్బు ఎక్కువగా తినేస్తుంది. ఆమ్లాన్ని చల్లార్చే శక్తి కొలిచినప్పుడు శుద్ధమైన రాయిపొడి 100 అయితే, డోలమైట్ 109, ఉడికిన సున్నం 135, కాల్చిన సున్నం 179. అంటే ‘ఎకరానికి 500 కిలోల సున్నం’ అని ఎవరైనా రాయిపొడి లెక్కలో చెబితే, కాల్చిన సున్నం అయితే 280 కిలోలే సమానం. ఏ సున్నమో చెప్పని సలహా సగం సలహా.

శక్తి ఒక్కటే కాదు, ఆగే చోటు కూడా వేరు. రాయిపొడి నీళ్లలో ఆమ్లం ఉన్నంతవరకే కరుగుతుంది, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 మధ్యస్థం, పైకి పోయేకొద్దీ క్షారం) 8.3 దాపుల్లో ఆగిపోతుంది. కాల్చినదీ ఉడికినదీ అలా ఆగవు. వాటి తేట నీళ్ల పీహెచ్ 12.4. చెరువులో రొయ్య ఉన్నప్పుడు వాటిని చల్లితే పీహెచ్ 9 దాటుతుంది, అప్పుడు అమ్మోనియా విషం పెరుగుతుంది. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, మొప్పలు దాటి లోపలికి పోయి చంపేది ఒకటే. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 8 దగ్గర ఆ విషరూపం నూటికి 7 లేదా 8. పీహెచ్ 9 దగ్గర నూటికి 45. చెరువులో అమ్మోనియా ఒక్క మిల్లీగ్రాము కూడా పెరగలేదు, సున్నం చల్లినందుకే విషం ఆరు రెట్లయింది. సున్నం వేసిన రాత్రి రొయ్యలు గట్టుకు చేరడం వెనక చాలాసార్లు ఈ లెక్కే ఉంటుంది. కాబట్టి పంట ఉన్న చెరువులో రాయిపొడి, డోలమైట్ మాత్రమే. కాల్చిన సున్నం చోటు పంట తీశాక, నీళ్లు తోడేసిన చెరువు అడుగున, తేమ మిగిలున్న బురద మీద. అక్కడ దాని వేడీ, పీహెచ్చీ రెండూ రోగక్రిములనూ పీతలనూ కడతేర్చడానికి పనికొస్తాయి. చల్లేవాడు గాలికి వీపు పెట్టి నడవాలి. నీళ్లు నింపాక పీహెచ్ 8.5 కిందికి దిగిందని ఉదయం, మధ్యాహ్నం రెండుసార్లూ కొలిచాకే రొయ్య పిల్ల వదలాలి.

బ్లీచింగ్ కూడా వాడే చెరువైతే వరస తప్పకూడదు: ముందు బ్లీచింగ్, అది పనిచేసి తేలిపోయాక సున్నం. బ్లీచింగ్‌లో క్రిములను చంపే రూపం పీహెచ్ 7.5 దగ్గర సగం ఉంటుంది, పీహెచ్ 9కి నూటికి 3 మాత్రమే మిగులుతుంది. ఇదే సంగతి వీధులకూ వర్తిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినట్టు వరద వచ్చినప్పుడల్లా, నీళ్లు తీసిన సందుల్లో సున్నం, బ్లీచింగ్ కలిపి చల్లే అలవాటు మన ఊళ్లలో ఉంది. రెండూ తెల్లగా కనిపిస్తాయి, శుభ్రం చేసిన భరోసా ఇస్తాయి. నిజానికి వాసన తగ్గించడానికి సున్నం, క్రిములను చంపడానికి బ్లీచింగ్ అని విడివిడిగా వాడితేనే రెండింటికీ న్యాయం.

తోటలో

పొన్నూరు వైపు తమలపాకు తోటల్లో కుళ్లు తెగులుకు వాడే బోర్డో మిశ్రమం సున్నం మంచిచెడులకు అద్దం. 100 లీటర్లకు కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 50 లీటర్లలోనూ, కిలో కాల్చిన సున్నం ఉడికించి మిగిలిన 50 లీటర్లలోనూ కరగదీయాలి. సున్నపు నీళ్లలోకి తుత్తం నీళ్లను సన్నధారగా పోస్తూ కలపాలి. మట్టి లేదా ప్లాస్టిక్ పాత్రలే వాడాలి, సున్నం ముందే ఉడికి చల్లారింది కాబట్టి ఇక్కడ వేడి భయం లేదు. మెరిసే ఇనప కత్తిని నిమిషం ముంచి తీయండి. కత్తి మీద రాగి ఎరుపు పట్టిందంటే సున్నం చాలలేదని, ఆ మందు కొడితే ఆకు మాడుతుందని అర్థం. ఇంకాస్త సున్నపు నీళ్లు కలిపి మళ్లీ చూడాలి. కాల్చిన సున్నానికి బదులు ఉడికిన పొడి వాడితే బరువు మూడో వంతు ఎక్కువ పడుతుంది. నిమ్మరసానికి నురగొచ్చే పాత పొడి అయితే లెక్క ప్రకారం వేసినా కత్తి ఎర్రబడవచ్చు. కలిపిన మందు ఆ రోజే కొట్టేయాలి.

ఆటోనగర్‌లాంటి చోట్ల గ్యాస్ వెల్డింగ్ చేసే షెడ్ల వెనక తెల్లటి బురద కుప్ప కనిపిస్తుంటుంది. అది కార్బైడ్ నీళ్లతో కలిశాక మిగిలే ఉడికిన సున్నమే. వెల్లకని ఊరికే పట్టుకెళ్లేవాళ్లున్నారు. కుప్ప లోపల ఎసిటిలిన్ అనే మండే వాయువు చిక్కుకుని ఉండొచ్చు, కరగని కార్బైడ్ ముక్కలూ ఉండొచ్చు. దగ్గర్లో బీడీ కూడా వెలిగించకూడదు, మూసిన గదిలో నిల్వ చేయకూడదు.

కంట్లో పడితే

సున్నం నీళ్లలో కరిగేది చాలా తక్కువ. లీటరుకు గ్రామున్నర పైచిలుకు, అంతే. కాస్టిక్ సోడా అయితే లీటరు నీళ్లలో కిలో పైనే కరుగుతుంది. ఈ అంకె చూసి సున్నం సాధువనుకోవడం పొరపాటు. కాస్టిక్ సోడా ద్రావణం కంట్లో పడితే ఘోరమే, అయినా నీళ్లతో కడిగితే పోతుంది. సున్నం ముద్ద అయితే రెప్ప కింద మడతలో ఇరుక్కుంటుంది. కన్నీటిలో కొద్దికొద్దిగా కరుగుతూ, కరిగినంత పోతే మళ్లీ అంత కరుగుతూ, గంటల తరబడి పీహెచ్ 12 దగ్గరే ఉంచుతుంది. ఆమ్లం పడితే పైపొర గడ్డకట్టి కొంత అడ్డు కడుతుంది. క్షారం అలా కాదు, కణాల కొవ్వును సబ్బుగా మార్చి, మాంసకృత్తులను కరిగించి దారి చేసుకుంటూ లోపలికి పోతుంది.

అందుకే సున్నం గాయంలో నొప్పి మొదట ఎక్కువ లేకపోయినా ధైర్యం తెచ్చుకోకూడదు. కన్ను ఎర్రబడలేదు, తెల్లగానే ఉందన్నది మరీ చెడ్డ గుర్తు. నల్లగుడ్డు చుట్టూ ఉండే సన్నటి రక్తనాళాలు కాలిపోతే ఎరుపు రాదు, కన్ను పాలరాయిలా తెల్లబడుతుంది. బాగా నానిన, చల్లటి కిళ్లీ సున్నం కూడా ఇంత పనీ చేస్తుంది. పిల్లలు చిన్న ట్యూబునో పొట్లాన్నో నొక్కినప్పుడు పగిలి నేరుగా కంట్లోకి చిమ్మడం కంటి డాక్టర్లు మళ్లీ మళ్లీ చూసే గాయం. సున్నం డబ్బీ ఉన్న ఇంట్లో దాన్ని మాత్రల డబ్బాలా అందని ఎత్తులో పెట్టాలి.

పడిన వెంటనే చేయాల్సింది ఒకటే: నీళ్లు. ‘సున్నానికి నీళ్లు తగిలితే వేడి పుడుతుంది, కడగొద్దు’ అనేవాళ్ల మాట వినొద్దు. కిళ్లీ సున్నం, వెల్ల సున్నం ఇప్పటికే ఉడికినవి, వాటిలో ఆ వేడి మిగల్లేదు. కాల్చిన సున్నం పడినా, కన్నీళ్ల కొద్దిపాటి తడి కంటే కుళాయి ధారాళమే నయం. తల పక్కకు వంచి, దెబ్బ తగిలిన కన్ను కింద ఉండేలా, రెప్పలు వేళ్లతో విప్పి, నిదానమైన ధార కింద 20 నుంచి 30 నిమిషాలు ఆపకుండా కడగాలి. పిల్లవాడైతే దుప్పటిలో చుట్టి ఒకరు పట్టుకోవాలి. పై రెప్పను పుల్ల మీదికి తిప్పి తెల్లటి ముక్కలు కనిపిస్తే తడిపిన దూదితో తుడిచి తీసేయాలి, మళ్లీ కడగాలి. నిమ్మరసం, వెనిగర్ వద్దు. ఆముదం, నెయ్యి, తల్లిపాలు వద్దు, అవి సున్నాన్ని రెప్ప కింద అతికించేస్తాయి. ఆ తర్వాతే బండి ఎక్కాలి, దారి పొడవునా సీసా నీళ్లతో కడుగుతూ.

ఒంటి మీద పడిన పొడిని ముందు బట్టతో దులిపి, తడిసిన బట్టలు విప్పి, తర్వాత కడగాలి. మెడ, మణికట్టు, సాక్సు అంచు దగ్గర చెమటతో కలిసి కాల్చేది ఆలస్యంగా తెలుస్తుంది. మింగితే నోరు పుక్కిలించి ఆస్పత్రికి వెళ్లాలి, కక్కించకూడదు. కిళ్లీలో వక్కకు తోడయ్యే సున్నం నోటి పొరను గరుకు చేసి, వక్కలోని పదార్థాలు లోపలికి ఇంకడానికి దారి చూపుతుంది. వక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ముందు చెప్పాల్సిన మాట ‘కంట్లో సున్నం పడింది’. విజయవాడలో అయితే తాడిగడపలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి, గుంటూరులో ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి కంటి విభాగం ఉన్నాయి. వీలైతే ఆ పొట్లమో ట్యూబో వెంట తీసుకెళ్లండి. కంటి నీళ్ల పీహెచ్ 7 దగ్గరికి వచ్చే దాకా డాక్టర్లు కడుగుతూనే ఉంటారు. ఆపాక కొన్ని నిమిషాలాగి మళ్లీ కొలవమని అడగడానికి మొహమాటపడొద్దు, ఎందుకంటే రెప్ప మడతలో ముక్క మిగిలి ఉంటే ఆ అంకె మళ్లీ పైకి ఎక్కుతుంది.